కంకర

పదహారేళ్ళ వేసవిలో నాకు దొరికిన మొదటి కొలువు
హామర్ ఊరి శ్మశానంలో గడ్డి కొయ్యడం.
పని నేర్పినవాడు తియెప్.
జీతం చీటీ మీద అతని పేరు
ఏ నెలకు ఆ నెల వేరు తీరుగా ఉండేది.
దిద్దించుకోలేదేమని అడిగితే
"డబ్బు సరిగ్గానే పడుతోందిగా" అన్నాడు.

నా పేరు మాత్రం మొదటి రోజే పొల్లుపోకుండా పలికాడు.
రాన్‌హిల్‌లు పదకొండుమంది ఉన్నారు ఇక్కడ,
ఇద్దరికి బెగోనియాలు పడవు, అన్నాడు.

డెబ్బై తొమ్మిదిలో
నార్వే జెండా కట్టిన నూనె ఓడ ఒకటి
దక్షిణ చైనా సముద్రంలో వాళ్ళ పడవ పక్కన ఆగింది.
అప్పటికి తొమ్మిది రోజులు.
పడవ ఎక్కినప్పుడు అరవై ఒక్కమంది.
ఓడ ఎక్కినప్పుడు ఎందరో
అతను చెప్పలేదు, నేను తీసివేత చెయ్యలేదు.

భాష వచ్చింది బడిలో కాదు.
నెలల పేర్లు, అంకెలు, చుట్టరికాలు
అన్నీ రాళ్ళ మీదే.
మొదటి చలికాలం ఒక దుకాణంలో
రొట్టె కొని, చిల్లర అందుకుని,
సమాధుల మీద ఎక్కువసార్లు చూసిన మాటే చెప్పాడట:
"అన్నింటికీ కృతజ్ఞతలు."
కౌంటరు వెనక ఆవిడ
తనే పోయినట్టు చూసిందట.
ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా
కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వేవాడు.

నాకు నేర్పింది కొంచెమే:
నీళ్ళు ఆకుకు కాదు, మట్టికి పొయ్యి.
జనవరిలో నేల ఇనుము; తవ్వే చోట
ముందురోజే వేడి పెట్టె బోర్లించు,
పసివాడి పక్క వెచ్చబెట్టినట్టు.
ఎవరైనా ఏడుస్తుంటే మిషను ఆపేసి
దూరంగా ఏదో వెతుకుతున్నట్టు నిలబడు.
క్రిస్మస్ ముందు సాయంత్రం ఊరంతా దీపాలు తెస్తుంది,
ఎవరూ రాని వరసలో నాలుగు నువ్వే పెట్టు,
స్వెర్రెకి చెప్పకు.

ఒకటి మాత్రం చెప్పకుండా చేసేవాడు.
కంకర దారి నడుమ ఎప్పుడూ నడవడు.
అంచు వెంట, తడి గడ్డిలో, బూట్లు నానుతున్నా.
మోకాలి నొప్పి అనుకున్నాను.

స్వెర్రె చెప్పాడు, ఆఫీసులో, కాఫీ పోసుకుంటూ:
ఇక్కడ నేల అద్దెకే. ఇరవై ఏళ్ళు.
తర్వాత ఉత్తరం వేస్తాం, రాతికి పసుపు చీటీ కడతాం,
ఏడాది చూస్తాం.
కట్టేవాళ్ళు లేకపోతే రాయి లారీ ఎక్కుతుంది.
ముక్కలై అదే లారీలో వెనక్కొస్తుంది.
మంచి కంకర, వానకి జారదు.

నూకలు చెల్లి మనిషి పోతాడు.
పోయాక గడువు చెల్లుతుంది.
ఒకసారి చెల్లితే సరిపోదు కాబోలు.

ఆ రాళ్ళను పెకలించేదీ తియెపే.
గొలుసు తగిలించి, మీట ఎత్తి.
తగిలించే ముందు మాత్రం
బకెట్టూ బ్రష్షూ తెచ్చి నాచంతా కడిగేవాడు.
పగలగొట్టబోయేదాన్ని కడగడమేంటని
అడిగానో, అడగబోయి ఊరుకున్నానో.
ఒకనాడు నా ఎదుటే తేటపడింది ఒక పేరు:
బోర్గిల్, గుర్రపు జీనులు కుట్టేవాడు.
తియెప్ దాన్ని పైకి చదివాడు,
తన పేరు ఈ ఊళ్ళో ఎవరూ పలకనంత సరిగ్గా.
తర్వాత మీట ఎత్తాడు.

ముప్ఫై ఆరేళ్ళ కొలువు ముగిసిన రోజు
పూలగుత్తి ఇచ్చారు. తను పెంచినవే.
స్వెర్రె ఉపన్యాసంలో పేరు మరో కొత్త రకంగా పలికింది.
అందరూ వెళ్ళాక అడిగాను,
నీకు చోటు ఎక్కడ చూసుకున్నావని.
సరస్సు వైపు వాలు చూపించాడు,
రాళ్ళూ పేర్లూ ఉండని తోట.
"ఎందుకక్కడ?"
"లారీ ఎక్కదు. వాలు ఎక్కువ."
కాసేపాగి,
"నీళ్ళు నిలవవు అక్కడ. రెండుసార్లు పొయ్యాలి."

మట్టికి, అన్నాను.
అప్పటికే వెళ్ళిపోతున్నాడు అంచు వెంట,
పూలగుత్తిని తలకిందులుగా పట్టుకుని,
తడి కాడలు చొక్కాకి తగలకుండా.