నాలుగో రాడ్డు

రాత్రి ఒంటిగంట నలభైకి
బ్లాకు దొరికింది. గంటన్నర.
దొరికింది అనే అంటాం మేం,
పోయిన ఉంగరమేదో దొరికినట్టు.

కృష్ణా కెనాల్ నుంచి బాజీ గొంతు.
దాని వెనక గాలి, ఎవరిదో దగ్గు.
ఆరేళ్లుగా ఆ గొంతు తెలుసు నాకు,
మనిషిని చూడలేదు.
పడిశం పట్టిన రోజులు తెలుసు.
రెండో కూతురు పుట్టిన రాత్రి
ఐసొలేటర్ నంబరు తప్పు చదివి
తనే నాలిక్కరుచుకోవడం తెలుసు.

విజయవాడ కంట్రోల్ గదిలో
ఏసీ చలికి శాలువా కప్పుకుని
తెర మీది ఎర్రగీతను పచ్చగా మారుస్తాను.
నా తెర మీద కృష్ణానది ఉండదు.
బ్యారేజీ దీపాలుండవు, తాడేపల్లి కొండ ఉండదు.
గీతలు, గీతల మీద నంబర్లు.
ఏటి అవతల ఇరవై అయిదు వేల వోల్టులు
నోరు మూసుకుంటాయి.

అయినా ఆపిన తీగ చచ్చిన తీగ కాదు.
పని నేర్పిన కోటిరత్నం గారు అనేవారు:
"పక్క లైను బతికుంటే చాలు తల్లీ,
ఇది నిద్దట్లో ఉలిక్కిపడుతుంది."
అందుకే రాడ్లు.
వేసేటప్పుడు ముందు నేల, తర్వాత తీగ.
తీసేటప్పుడు ముందు తీగ, తర్వాత నేల.
తిరగేశావా,
మధ్యలో ఉన్న మనిషే దారైపోతాడు.

"మూడు ఒకటి" అంటాను.
"మూడు ఒకటి" అంటాడు.
"ఎనిమిది సున్నా" అంటాడు.
"ఎనిమిది సున్నా" అంటాను.
ఇంట్లో నవ్వుతారు నన్ను చూసి.
ఉప్పు అయిపోయిందని ఎవరైనా చెబితే
"ఉప్పు అయిపోయింది" అని
అప్పజెప్పి గానీ కదలనట.

మూడూ నాలుగుకి ఫోను.
"పనైపోయింది మేడం.
పగిలిన పింగాణీ మార్చాం. టవర్ వ్యాగన్ కదిలింది.
మనుషులు దిగారు. రాడ్లు తీశాం."

"ఎన్ని?"

గాలి.
దగ్గు లేదు ఈసారి.
"వేసినవి నాలుగు మేడం.
ఇక్కడ... మూడున్నాయి."

నా పక్క కుర్చీలో సెక్షన్ కంట్రోలర్ సత్యమూర్తి
రెండు చెవులకి రెండు ఫోన్లు.
చెడ్డవాడు కాడు, ఆయన్నీ ఎవరో అరుస్తున్నారు.
స్టేషన్లో చెన్నై బండి,
దాని వెనక బొగ్గు, దాని వెనక పాలు.
"లైనివ్వమ్మా, మూడూ పది అయింది."
చేతులు రెండూ శాలువాలో పెట్టుకున్నాను.
నా వేళ్లని నేనే నమ్మలేదు అప్పుడు.

మూడూ పదమూడు.
మూడూ పదహారు.
బండిలో ఎవరో నిద్రలేచి
ఏ ఊరని అడుగుతుంటారు.

మూడూ ఇరవైకి బాజీ, రొప్పుతూ:
"దొరికింది మేడం. తీసే ఉంది.
ఏసుపాదం కంకర మీద పడుకోబెట్టి,
చెప్పు తెగిందని
స్తంభం వెనక కూచుని కట్టుకుంటున్నాడు.
వాణ్ణేమీ అనకండి."

"పేర్లు చదువు" అన్నాను.
రూల్లో లేదది. లెక్క చెబితే చాలు.
బాజీ చదివాడు, ఏడు పేర్లు,
చివర తన పేరు చెప్పడానికి కాస్త సిగ్గుపడి.
ఏడూ తిరిగి చెప్పాను.
అప్పుడు నంబర్లు. అప్పుడు మీట.
గీత ఎర్రబడింది.
సత్యమూర్తి గారు ఫోన్లు రెండూ దించి
నా ఫ్లాస్కులోంచే నాకు టీ పోశారు.

పొద్దున కాగితం వచ్చింది:
పదకొండు నిమిషాల ఆలస్యానికి కారణం?
గడి చిన్నది.
"రాడ్డు లెక్క తేలక" అని రాశాను.
ఏమీ జరగనిదానికి
ఎంత రాస్తాం.

మర్నాటి రాత్రి అదే వేళకి అదే గొంతు.
బ్లాకు సంగతి కాదు ముందు.
"మేడం, ఏసుపాదం కొత్త చెప్పులు కొన్నాడు."

"ఏసుపాదం కొత్త చెప్పులు కొన్నాడు"
అన్నాను నేను.