మూడు గుండెలు

ఏటుకూరు రోడ్డు బడిలో ఇవాళ
మూడో పీరియడ్ సముద్రం.

చూసినవాళ్ళు చెయ్యెత్తండంటే
యోబు ఒక్కడే ఎత్తాడు, అదీ సగం.
సూర్యలంక బస్సెక్కి, వాంతులై
బాపట్లలోనే దిగిపోయాడట.

నల్లరేగడి ముద్దలు పంచాను.
పాల ప్యాకెట్టు పీలికలు చేస్తే జెల్లీచేప,
చీపురుపుల్లలు గుచ్చితే ముళ్ళబంతి,
కొబ్బరిచిప్ప బోర్లించి
నాలుగు తెడ్లు అతికిస్తే తాబేలు.
"కాళ్ళేవి సార్?"
"తెడ్లే కాళ్ళురా. ఈదాలిగా!"

సైదాబీ ఆక్టోపస్ చేస్తోంది.
పిసుకుతూ పిసుకుతూ ఆగి
వేళ్ళమీద ఉఫ్‌మని ఊదుకుంటోంది.
రాత్రి వాళ్ళమ్మ పక్కన కూచుని
మిరపకాయలకి తొడిమలు తీసిందట.
"తడి తగిల్తే ఇంకా మండుద్ది సార్,"
అంది, వాన పడేట్టుంది అన్నట్టు.

దీనికి గుండెలు మూడు, నెత్తురు నీలం అన్నాను.
క్లాసంతా నవ్వింది. నేను కోతలు కోస్తున్నానని.
తను నవ్వలేదు.
కిటికీ కింద వెతికి
మూడు చింతగింజలు తెచ్చి
సంచిలాంటి ఆ ఒంట్లోకి ఒక్కొక్కటే నొక్కి
పైన మట్టి మెత్తింది.
ఇక అవి ఉన్నట్టు
తనకీ నాకూ తప్ప తెలీదు.

చేతులు లెక్కపెట్టాను. ఏడే.
"ఎనిమిదోదేదమ్మా?"
బొమ్మకేసి చూసింది, నాకేసి చూసింది.
"మండుతుంటే ఒళ్ళో దాచుకుంది సార్.
ఎప్పుడూ నీళ్ళలోనే కదా పాపం."

మార్కులు వేసే పెన్ను జేబులోనే ఉంచుకున్నాను.

గంట కొట్టేలోపు
యార్డు వైపునుంచి గాలి తిరిగింది.
నలభై రెండు మందీ, నేనూ తుమ్మాం,
కిటికీ గట్టుమీద ఆరుతున్న
సముద్రం తప్ప.