అతుకు

కారణం అన్నచోట
‘వర్షం’ అని ఒక్క మాట రాసుకుని
మెట్లు దిగిపోయాడు ఇంజినీరు.
మొగల్రాజపురం కొండ మీద
మా గుమ్మం నూట పన్నెండో మెట్టు.
ఎక్కొచ్చిన ఆయాసంలో
ఒక్క మాటే పట్టినట్టుంది కాగితంలో.

వాన పాపం ఆఖర్న వచ్చింది.
దొంగలంతా పోయాక
ఆ దారినే నడిచి దొరికిపోయినవాడిలా.

వల్లెపు ఏడుకొండలుకి తెలుసు.
పేరులో ఏడున్నా
బతుకంతా రాయి కొట్టింది ఈ ఒక్క కొండ మీదే.
సుత్తికి లొంగని బండకి
వరసగా గుంటలు తొలిచి
ఎండు తుమ్మ మేకులు దిగ్గొట్టి
పొద్దుగూకే వేళ రెండు కడవల నీళ్లు పోసి
ఇంటికెళ్లి పడుకునేవాడట.
కొయ్య నీళ్లు తాగి ఒళ్లు చేసేది.
తెల్లారేసరికి బండ రెండు చెక్కలు.
“చప్పుడుండదమ్మా, రాయి నిద్రలోనే చీలుద్ది.”

అదే పని మన నెత్తిన జరుగుతోందని
మూడేళ్ల కిందటే అన్నాడు.
మేకు బదులు రావి మొక్క,
కాకి రెట్టలో దిగిన ఆవగింజంత గింజ.
కడవ బదులు
నా స్నానాల గది గొట్టం,
పైన మస్తాన్‌బీ వాళ్ల బట్టల మిషను గొట్టం.
రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయంటారు.
పగలంతా పెనంలా కాలి
రాత్రికి ముడుచుకునే బండ సంగతి
ఎవరు సామెత కట్టారు?
పొరకీ పొరకీ మధ్య జేగురు మన్ను,
ఎండితే కుంకం,
తడిస్తే సబ్బు.

కొలతలకొచ్చిన కుర్రాడు చెప్పాడు:
మంచుకొండల్లో నీళ్లు
పగుళ్లలో గడ్డకట్టి బండల్ని తోస్తాయట.
ఆ మంచే కరిగితే
అంటుకున్న రాయి పట్టొదిలేస్తుందట.
మాకు మంచంటే చేపల బుట్టలో ఐసు.
ఇక్కడ ఆ పనికి మేం చాలం?
కొండ పాదం కోసింది మేమే.
వంటింటికని నేను మూడడుగులు,
బండి పెట్టుకోడానికి పక్కింటివాళ్లు నాలుగు,
తలో గోరంత.
పాదం తెగితే తల ఊగుతుందని
మనిషికైతే తెలుస్తుంది.

అప్పుడే పెట్టాడు అతుకు.
పగులుకి అడ్డంగా
అరచేతి వెడల్పున సిమెంటు పూసి
పచ్చిమీద మేకుతో తేదీ గీశాడు.
“ఇది విరిగితే కొండ కదిలినట్టు.”
పిల్లలు దానికి కట్టు అని పేరు పెట్టారు.
మొదటిసారి చవితి వానలకి విరిగింది,
వెంట్రుకంత.
కిందికి దిగి అద్దెలడిగొచ్చాం.
ఆ అంకెలు విన్నాక
వెంట్రుక వెంట్రుకలాగే కనిపించింది.
రెండోసారి నా గాజు పట్టేంత.
మూడోసారి
అతుకు సగం ఇటూ సగం అటూ,
మధ్యలో తేదీ లేదు.

ఆ సాయంత్రం పళ్లెం మోగించుకుంటూ
ప్రతి గుమ్మం ముందూ తిట్టాడు ముసలాయన.
తిట్లకే లేచాం, హెచ్చరికకి కాదు.
బళ్లో పడుకున్నాం పదకొండు కుటుంబాలు.
రెండున్నరకి ఒక్క దగ్గు,
అంతే వినిపించింది.
పొద్దున చూస్తే
నా వంటింట్లో బండ కూర్చునుంది,
పొయ్యి ఉన్నచోట,
చుట్టమొచ్చినట్టు కాదు,
ఇంటివాడొచ్చినట్టు.

దాన్ని పగలగొట్టే కూలీ
ఏడుకొండలుకే ఇచ్చారు, అయిదు రోజులు.
మూడో రోజు పిలిచి చూపించాడు:
చీలిన మొహం మీద ఎర్ర మట్టి,
మట్టిలో దారప్పోగంత వేరు,
ఇంకా తడిగా.
చిటికెన వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.
నవ్వాడో లేదో తెలీదు, నోట్లో చుట్ట ఉంది.

నిన్న పైబండ మీద ఇంకో పగులు దొరికింది.
ఇంకో అతుకు, ఇంకో తేదీ.
వారం పాటు రెండు పూటలా తడపమని
నాకు చెప్పి దిగిపోయాడు.
చెంబు నిండా ముంచుకుని వెళ్లాను.
పోయబోతూ ఆగాను.
పగులు నోరు తెరుచుకునే ఉంది.
చెంబు కింద పెట్టి
కొంగు తడిపి
పిండి
జ్వరమొచ్చిన నుదురు మీదలా
అద్దాను.