మచ్చల నందివర్ధనం

నాచారం రోడ్డు మీద, మూతపడ్డ పైపుల కార్ఖానా గోడ పక్కన
జంగయ్య నర్సరీలో నూట అరవైకి బేరం తెగింది.
"ఉత్త ఆకుల మొక్క అనుకునేరమ్మా,
ఎండెంత కొడితే అంత పూస్తది" అన్నాడు.
ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మౌలాలి దాకా తెచ్చాను.
ప్రతి స్పీడ్ బ్రేకరుకీ ఒక ఆకు మణికట్టుకి తగిలింది.
అంచున తెలుపు, నడుమ పచ్చ,
ఏ రెండాకుల కత్తిరింపూ ఒకటి కాదు.
ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్న కన్ను,
చూడకుండా ఉండలేదు.

గేటుకీ మెట్లకీ మధ్య మూడడుగుల జాగా మాది.
దాన్ని మట్టి అనడం మర్యాదకే.
గడ్డపార వేస్తే జానెడు లోతులో ఖంగుమంది.
ఈ ఊళ్ళో ఎవరి వాకిలి తవ్వినా
ఏదో ఒక గుట్ట తోక తగులుతుంది.
రెండు బస్తాల ఎర్రమట్టి, మాగిన పేడ, గుప్పెడు వేపపిండి.
పడమటి గోడ వారగా పెట్టాను. అదే తప్పు.

ఏప్రిల్‌కి పచ్చ ఉన్న చోట ఆకు తట్టుకుంది,
తెల్లని చోటల్లా పాత రసీదులా కాలింది.
పక్కింటి అఫ్రీన్ ఎనిమిదో తరగతి పుస్తకం చంకన పెట్టుకుని చెప్పింది:
"తెలుపు వంట చేసుకోదు ఆంటీ,
పచ్చది వండి పెడితే తింటది."
ఆ సాయంత్రమే వేరు కదలకుండా పెళ్ళగించి
తూర్పు మెట్టు దగ్గరికి మార్చాను,
నెత్తిన లైనింగు గుడ్డ కట్టాను.
సక్కుబాయి గేటు దగ్గర ఆగి,
"అయ్యో, చెట్టుకి కూడా..." అని
నా చేతుల వైపు చూసి నాలుక కరుచుకుంది.
టేపు పట్టుకుంటే అర అంగుళం వెనక్కి జరిగేవాళ్ళు
నాకు కొత్త కాదు. కొలతలో కలుపుకుంటాను.

ఈ మెట్ల మీదే పదకొండేళ్ళు
మందు రాసుకుని ఎండలో కూర్చున్నాను,
పొద్దున పావుగంట, గడియారం చూసి.
రంగు రాలేదు. ఎండ మాత్రం అలవాటైంది.

రోహిణిలో నల్లా రెండు రోజులకోసారి.
బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు,
పొద్దు వాలాక మొదట్లోకే, ఆకుల మీద పడకుండా.
రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకునే రోజున
మూసిన గొడుగుల్లా మెలితిరిగిన మొగ్గలు పదిహేడు.
మర్నాడు తెల్లవారేసరికి తొమ్మిది విచ్చాయి,
అయిదు రెక్కలూ ఒకే పక్కకి తిరిగి,
ఏదో గాలి వీచి ఆగిపోయినట్టు.
వీధిలో ఆ వేళకి ఇంకేదీ పూయలేదు.
ఆ రోజు పొట్టి చేతుల జాకెట్టు వేసుకున్నాను.
ఉక్కగా ఉంది, అంతే.

మృగశిర వానకి అడుగు నుంచి ఒక కొమ్మ లేచింది.
మచ్చ లేదు. పచ్చి పచ్చ.
పది రోజుల్లో మిగతావాటిని దాటి కిటికీ అందుకుంది.
జంగయ్యకి ఫోన్ చేశాను.
"కోసెయ్యమ్మా. మొదటి రంగు యాదికొచ్చింది దానికి.
బలం జాస్తి, ఉంచితే మొత్తం చెట్టు మింగుతది."

పాత కత్తెర తీసుకుని మెట్టు మీద కూర్చున్నాను.
పదకొండేళ్ళు గడియారం చూసింది
ఇలాంటి ఒక్క కొమ్మ కోసమే కదా.
ఎదురుగా సక్కుబాయి బట్టలు ఆరేస్తూ
"ఎంత ఆరోగ్యంగా ఉందో అది!" అంది.
అవును, ఉంది.
అఫ్రీన్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.
టీ చల్లారింది.

కోశాను.
అంత పచ్చని కొమ్మలోంచి తెల్లటి పాలు.
బొటనవేలి మీద పడి, తెల్లని చోట ఉన్నంతసేపూ కనిపించలేదు,
గోధుమ చోటికి జారాక కనిపించింది.
కత్తెర జిగురై అతుక్కుంది, కిరోసిన్‌తో తుడవాలి.
ఆ కొమ్మని రంగు డబ్బాలో గుచ్చి
సక్కుబాయి గోడ మీద పెట్టాను. నాటుకుంటుంది, బలమైనదే.

నల్లా వచ్చినట్టుంది,
డ్రమ్ములో చప్పుడు.