బూట్లు విప్పుతున్న అతిథికి

ఏ దారి బాగుంటుందని అడిగావు,
బూట్లకంటిన మట్టిని మెట్టుకేసి గీకుతూ.
గోడ మీద పటంలో మూడు గీతలున్నాయి,
ఎరుపు, నీలం, పసుపు.
వాటిని గీసినాయన ఇక్కడ రెండు రాత్రులే పడుకున్నాడు.
నేను ఈ లాడ్జి వంటింట్లో పదకొండేళ్లుగా పిండి ఉడికిస్తున్నాను.
అంతకు చాలా ముందునుంచే పరిగెడుతున్నాను.
కూర్చో. జొన్నగంజి చల్లారేలోగా చెప్తాను.

ఎర్రగీత పట్టుకుంటే
పీచ్ చెట్ల మధ్య నుంచి వాగు దాకా దిగుడే.
ఆగస్టు చివర వచ్చావు కాబట్టి
ఆకు పుట్టకముందే పూసిన కొమ్మలుంటాయి,
వాటి వెనక కొండ మీద ఇంకా కరగని మంచు.
ఫొటో కోసం ఆగుతావు. ఆగు.
దిగిందంతా మళ్లీ ఎక్కాలి మరి.
లెసోతోలో పల్లం అంటే
కాస్త పొట్టి కొండ, అంతే.
గాలి కూడా ఇక్కడ పిసినారి షావుకారు,
ఊపిరిని సోలతో కొలిచి పోస్తుంది.
మొదటి వారం ఎవరికీ అప్పు పుట్టదు.

నీలం గీత పశువుల దొడ్ల వైపు.
అటు కుక్కలుంటాయి.
పరిగెత్తేవాడెవడైనా వాటికి దొంగే.
కాళ్లకు బుద్ధి చెప్పకు, అదే తప్పు.
నిలబడు. రాయి తీస్తున్నట్టు వంగు.
రాయి అక్కర్లేదు, వంగితే చాలు.
ఈలోగా దుప్పటి కప్పుకున్న కుర్రాడొకడు ఈల వేస్తాడు.
కోపానో. పదమూడేళ్లు.
రబ్బరు బూట్లు, రెండూ ఎడమ కాలివే.
కనుమ దాకా నీ పక్కనే వస్తాడు
రొప్పకుండా, నీ గడియారం ఖరీదెంతని అడుగుతూ.
చెప్పకు.
నిన్ను ఓడించానని ఊరంతా చెప్పుకుంటాడు.
చెప్పుకోనీ.

పసుపు గీత తేలిక, ఊరి చుట్టూ తిరుగుతుంది.
గడకర్రకి తెల్లగుడ్డ ఎగిరిందా,
ఆ ఇంట జొన్నకల్లు దిగిందని.
ఎర్రగుడ్డయితే మాంసం, పచ్చదైతే ఆకుకూర.
మా-ఖౌహెలో ఇంటికి ఎప్పుడూ తెల్లదే.
కేకేస్తుంది. తాగకపోతే నీకో పేరు పెడుతుంది,
తాగితే మిగతా మూడు కిలోమీటర్లు రేపటికే.
నాకు పెట్టిన పేరు
'వాన తరుముతున్న మనిషి'.

ఇంకొకటుంది. పటంలో లేదు.
చర్చి వెనక మొదలై
కలబంద మొలిచిన బండలు దాటి
నేరుగా నీళ్లలోకి పోతుంది.
ఆనకట్ట కట్టకముందు మా బడికి అదే దారి.
నలభై నిమిషాలు. ఆలస్యమైతే ముప్పై.
మేష్టారి బెత్తం పుణ్యాన నాకు కాళ్లొచ్చాయి.
ఇప్పుడు బడి లేదు, బెత్తం లేదు,
ఆ నీళ్లు గొట్టాల్లో సరిహద్దు దాటి
ఎవరి కుళాయిల్లోనో పడుతున్నాయి.
మాకు కొన్నేళ్లు మొక్కజొన్న బస్తాలిచ్చారు,
బస్తా మీద అంకె వేసి.

మీరంతా లేవకముందు
నేను పరిగెత్తేది ఆ దారినే.
గట్టుకి తగిలిన చోట వెనక్కి తిరుగుతాను.
ఆ చోటు ఏటేటా మారుతుంది.
పోయినేడు కరువు.
నీళ్లు దిగి దిగి
దారి నూటయాభై అడుగులు బయటపడింది,
ఆ చివర మా పాత వాగు, దాని మీద అడుగురాళ్లు.
మూడోది కదులుతుందని
నాకు గుర్తు లేదు, కాలికి గుర్తుంది.
పాదం తనంతట తానే పక్కకి వాలింది.
ఆ రాయి ఇంకా కదులుతోంది.

వాన కోసం ఆ ఆదివారం అందరూ ప్రార్థించారు.
నేనూ చేశాను.
ఆమెన్ మాత్రం
కొంచెం ఆలస్యంగా అన్నాను.

అటు తీసుకెళ్లమని అడక్కు.
చూడ్డానికేమీ లేదు, బురద.
గంజి తాగు, మీగడ కడుతోంది.
రేపు ఎర్రగీత.
దిగేటప్పుడు తొందరపడకు.