పళ్ళ లెక్క

విరిగింది ఇసుకలో కాదు,
ఇసుకంతా దాటేశాక, గట్టెక్కే చోట.
పొగాకులంక నించి అరవై రెండు గెలలు,
వాటి మీద ఇద్దరు కూలీలు, ఒక మేకపిల్ల.
టప్‌మని ఒక్క మాట అంది జీపు.
ఇంజను తిరుగుతూనే ఉంది,
చక్రానికి ఆ కబురు అందలేదు.

నాకంటే నాలుగేళ్ళు పెద్దది నా జీపు.
కాలవల శాఖ వాళ్ళు ధవళేశ్వరంలో వేలమేస్తే
ఇంట్లో చెప్పకుండా పాడుకున్నాను.
ఆకుపచ్చ రంగు గోకితే ఇంకో ఆకుపచ్చ,
దాని కింద ఎప్పటిదో మిలిటరీ బూడిద.

రావులపాలెం వంతెన దిగాక
తాటాకు షెడ్డులో జిలానీ
విరిగిన షాఫ్టు ముక్కని ఎండకెత్తి
అటూ ఇటూ తిప్పాడు.
"సగం పాత నలుపు, సగం కొత్త మెరుపు.
ఇవాళ విరగలేదండి ఇది.
ఎప్పుడో విరిగి
మీకు చెప్పడానికి మొహమాటపడింది."

మళ్ళీ అదే వేస్తే మళ్ళీ ఇదే అన్నాడు.
కడియం పాతసామాన్ల కొట్లో
బరువు బండిది, లావుపాటి ఇరుసు ఒకటుందన్నాడు.
ఇరుసు అన్నాడు.
ఎడ్లు పోయాయి, బండి పోయింది,
మాట మాత్రం గ్రీజు పూసుకుని ఇక్కడే ఉంది.

సరుగుడు కర్రకి తాళ్ళేసి నలుగురం మోసుకొచ్చాం.
ఏ పెళ్ళికూతురి బుట్టా అంత జాగ్రత్తగా దించి ఉండరు.
జిలానీ మూత విప్పి, నల్లనూనె తుడిచి,
సుద్దముక్కతో ఒక పంటికి గుర్తు పెట్టి
వేలితో తిప్పుతూ లెక్కపెట్టాడు, పెదాలు కదిపి.
క్రౌన్‌కి నలభై ఒకటి, పినియన్‌కి పది.
ముందు ఇరుసుదేమో నలభై మూడు, ఎనిమిది.

"బలం ఉందండి, లెక్క కుదర్లేదు.
ముందు చక్రాలు అడుగు అంటే
వెనకవి అడుగుంపావు అంటాయి.
బురదలో నాలుగూ కలిపి లాగారనుకోండి,
మధ్యలో పెట్టె నలిగి చస్తుంది."

ఆయ్ అన్నాను.
గెలకెన్ని అత్తాలు, అత్తానికెన్ని పళ్ళు,
నిద్రలో అడిగినా చెప్పగలను.
ఈ పళ్ళు వేరు. ముగ్గవు.

పదకొండు రోజులు.
బెజవాడ ఆటోనగర్ నించి ఆ జత
పాత పేపర్లో చుట్టుకుని
బస్సులో కండక్టరు పక్క సీట్లో వచ్చింది.
ఈలోగా కమాన్ కట్టలు కూర్చునే దిమ్మల్ని
కోసి, జరిపి, మళ్ళీ అతికించాడు.
ప్రొపెల్లర్ షాఫ్టు బెత్తెడు పొడుగైతే
మండపేట లేతు దగ్గర తగ్గించుకొచ్చాడు.
యు-బోల్టులు బిగించేటప్పుడు
నాకూ ఇచ్చాడు స్పానరు, ఒక్క చుట్టుకి.

"ఇక విరగదుగా?"

కిరోసిన్లో చేతులు కడుక్కుంటూ
"ఇక్కడ విరగదండి" అన్నాడు.

ఇంటికెళ్ళే దారంతా
ఆ "ఇక్కడ" నా పక్కసీట్లో కూర్చుంది.
ఏటిగట్టు మా వైపు ఎత్తు చేసిన ఏడు
అవతల గండి పడింది.
మేం రాత్రంతా టార్చిలైట్లతో గట్టు మీద,
పడనందుకు సంతోషిస్తూ,
అవతలి అరుపులు వింటూ.
నీళ్ళకి కోపమేం లేదు, దారి కావాలి.
బరువూ అంతేనేమో.
ఇప్పుడు ఎక్కడ వెతుక్కుంటుంది?
గేరుబాక్సులోనా, ఛాసీలోనా,
తెల్లారగట్ల లేవనని మొరాయించే నా నడుములోనా?

మొదటి ట్రిప్పుకి నలభై ఎనిమిదే ఎక్కించాను.
ఎందుకని కూలీలు అడగలేదు, నేను చెప్పలేదు.
గట్టెక్కాక దిగి వెనక్కి చూశాను.
ఇసుకలో రెండు గాళ్ళుండే చోట నాలుగు.
కొత్త ఇరుసు వెడల్పట,
వెనక చక్రాలు చెరో రెండంగుళాలు బయటికి నడుస్తున్నాయి,
ముందువాళ్ళ అడుగుల్లో అడుగెయ్యడం ఇష్టం లేనట్టు.

పాత షాఫ్టు ముక్క పారెయ్యలేదు.
ఏసుపాదం అడిగి పట్టుకెళ్ళాడు.
కొస సాగగొట్టించి నేలలో పాతి
రోజుకి వెయ్యి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు దాని మీద.
నిన్న దారిలో కనిపిస్తే అడిగాను.
ఇంకా విరగలేదట.