మూడు డిగ్రీలు

కార్డిఫ్‌లో బొగ్గు ఎక్కించి బ్యూనస్ ఐరిస్‌లో దించాలి.
అక్కడి గోధుమలు ఎక్కించి ఇక్కడ దించాలి.
మధ్యలో ఊడవాలి.
"గ్లాన్‌రిడ్ బతుకంతా ఇంతేరా" అన్నాడు
వంటవాడు పారీ, ఉల్లిపాయలు తరుగుతూ.
నాకప్పుడు పదిహేనేళ్లు. బంగాళాదుంపల చెక్కు నా వంతు.

యుద్ధకాలంలో హడావిడిగా అతికిన ఓడ,
చలిరాత్రుళ్లు అతుకులు మూలిగేవి.
యజమాని మారినప్పుడల్లా పొగగొట్టానికి కొత్త రంగు.
గోరుతో గీకితే
పాత యజమానులు వరసగా బయటపడేవారు.

కింద, బొగ్గుకొట్లలో, వార్సమే గులేద్ ఉండేవాడు.
బెర్బెరా దగ్గర పుట్టాడట, బ్యూట్ వీధిలో అద్దెగది.
నిప్పులో బొగ్గు వెయ్యడం అతని పని కాదు,
వేసేవాళ్ల కాళ్లదగ్గరికి చేర్చడం.
కుడికొట్టులోంచి ఇరవై బళ్లు తోస్తే
ఎడమకొట్టులోంచీ ఇరవై తొయ్యాలి.
లెక్క తప్పితే ఓడ ఒరుగుతుంది,
ఓడ ఒరిగితే కెప్టెన్ పళ్లెంలో సూపు ఒరుగుతుంది,
అప్పుడు కిందికి కబురొస్తుంది
సగం బూతులతో.
సరిగ్గా ఉన్న రోజున ఏ కబురూ రాదు.
పదకొండేళ్లలో తనకి దక్కిన మెప్పంతా
ఆ రాని కబురేనని నవ్వేవాడు.

ఇనపనిచ్చెన దిగి నేను టీ తీసుకెళితే
ముందు కప్పుని పలకమీద పెట్టి
టీ అంచు చూసేవాడు.
"ఎడమకి అర డిగ్రీ" అని
తాగకుండానే లేచేవాడు.
బిస్కే తుఫానులో బొగ్గు జారి
నడుందాకా పూడిపోయాడోసారి.
తవ్వి తీస్తే, కళ్లు తుడుచుకుని మొదట అడిగింది
"అది పద్నాలుగో బండా, పదిహేనోదా?"

"పైన సముద్రం ఎలా ఉంది?" అనేవాడు నన్ను.
"బూడిదరంగు" అనేవాణ్ణి.
ప్రతిరోజూ అదే చెప్పి విసుగొచ్చి
ఒకరోజు చిలకపచ్చ అన్నాను.
ఓడగోడకి అరచెయ్యి ఆనించి చూసి
"ఇంత చల్లటినీళ్లు పచ్చగా ఉండవులే" అన్నాడు.

యాభై నాలుగులో బారీ రేవులో
బొగ్గుకొట్లు కడిగేసి నూనె నింపారు.
ఒక మర తిప్పితే చాలు,
కుడివైపుది ఎడమవైపుకి అదే పోతుంది.
వార్సమేని ఆ ఒక్క ప్రయాణానికి ఉంచుకున్నారు
పైన తుప్పు గీకడానికి.
ఎండకి కళ్లు చికిలించుకుని
సముద్రానికి వీపు పెట్టి గీకేవాడు.

తిరుగు ప్రయాణంలో
గోధుమలు అడుగున ఎక్కడో కుంగాయి.
కొత్త మర బిగుసుకుపోయింది.
పెద్దలంతా చుట్టూ చేరి దాన్ని తిట్టారు, సుత్తితో కొట్టారు.
వార్సమే వంటగదిలోకొచ్చి కప్పు బల్లమీద పెట్టాడు.
"మూడు."
అతన్ని ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి మెలకువొచ్చి చూద్దును కదా,
రంగుడబ్బాలు, తాళ్లచుట్టలు, విరిగిన బల్లచెక్కలు
ఒక్కొక్కటే కుడినుంచి ఎడమకి మోస్తున్నాడు,
పెదాలమీద లెక్క.
ఏడువేల టన్నుల ఓడకి అదెంత? ఏనుగుమీద దోమ.
నాకూ తెలుసు.
లోపలికెళ్లి
బంగాళాదుంపల బస్తా ఒకటి భుజానికెత్తుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కెప్టెన్ పళ్లెంలో
సూపు అలాగే ఒరిగి ఉంది.
చెంచా కిందపెట్టి ఆయన తల ఎత్తాడు.
కబురు ఎవరికి పంపాలో
ఎవరికీ తోచలేదు.